సున్నా నంబరు డబ్బా

మేస్త్రీ దగ్గర వాసన వస్తోందన్న మాట మేస్త్రీకి చెప్పే పని చివరికి ఆవిరమ్మ నెత్తిన పడింది.

ఆ లాండ్రీలో ఎవరి అసలు పేరుతోనూ ఎవరికీ పనిలేదు, చేసే పనే పిలుపు. ఆవిరి ఇస్త్రీ దగ్గర నిలబడుతుంది కాబట్టి ఈమె ఆవిరమ్మ. గుండీలూ నంబరు పట్టీలూ కుట్టే ఆవిడ గుండీలక్క. బట్టలుతికే పెద్ద యంత్రం తిప్పేవాడు డ్రమ్ము. ఇక వచ్చిన మాసిన బట్టల్ని వేరుచేసే బల్ల దగ్గర ముప్పయ్యేళ్లుగా నిలబడ్డ పెద్దాయన ముక్కు మేస్త్రీ. చొక్కా కాలరు ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఫలానా ఇంటిది, దీనికి ఇంత వేడి చాలు, దీన్ని దాంతో కలపకండి అని చెప్పేసేవాడు. కలపకండి అన్నవి కలిపితే ఏమవుతుందో ఆ లాండ్రీలో అందరికీ ఒకసారైనా అనుభవమే. మిగతా వేళల్లో ఆయన కోసే కోతలన్నీ ఆ ముక్కు మీది గౌరవంతోనే చెల్లుబాటయ్యేవి.

అలాంటి మనిషి దగ్గర ఇప్పుడు వాసన. భార్య పోయిన వారానికి ముదురు ఎరుపు స్వెటరొకటి తొడుక్కుని వచ్చాడు, పది నెలలైంది, ఎండనక వాననక దాన్ని విప్పలేదు. మొదట్లో అందరూ పోనీలే పాపం అనుకున్నారు. తర్వాత కిటికీలు తెరిచారు. ఇప్పుడు ఆయన బల్ల దగ్గరికి వెళ్లాలంటే ఊపిరి బిగబట్టి వెళ్లి, పని చూసుకుని, బయటికొచ్చి వదులుతున్నారు. ఆ పొద్దున మేనేజరు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి ఖరాఖండిగా చెప్పేశాడు.

"మధ్యాహ్నం టీ అయ్యేలోపు మీలో ఎవరైనా ఆయనకి చెప్పండి. లేదంటే నేనే చెబుతాను, వ్యాను వాళ్ల ముందూ, బట్టలు తెచ్చిన వాళ్ల ముందూ. అప్పుడిక ఆయన బల్ల దగ్గర ఉండడు, గేటు బయట ఉంటాడు."

అందరూ ఆవిరమ్మ వైపు చూశారు. పద్నాలుగేళ్ల కిందట ఆమెకి పని నేర్పింది మేస్త్రీయే, ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. ఆమె చేసుకున్న పాపం అదొక్కటే.

టీ తాగేది వెనక వరండాలో. ఆ రోజు మిట్టమధ్యాహ్నమే చీకటిగా ఉంది, వాన పట్టి కురుస్తోంది, గోడలోంచి బయటికొచ్చిన ఆవిరి గొట్టం వదిలే పొగ వానకి పైకి పోలేక వరండాలోనే మోకాలెత్తున తిరుగుతోంది. తెరిచిన తలుపులోంచి లోపలి హాలు కనిపిస్తుంది. తలుపుకి ఎదురుగా గాలిబొమ్మ. తలా కాళ్లూ లేని గుడ్డ మొండెం అది, దానికి కోటు తొడిగి కింద పెడలు తొక్కితే లోపల్నుంచి ఆవిరి నిండి మనిషి ఒళ్లులా ఉబ్బుతుంది, కోటు ముడతలు పోతాయి. పెడలు పాతబడిపోయి, ఎవరూ తొక్కకపోయినా అప్పుడప్పుడూ దానంతటదే ఒక్క ఊపిరి పీల్చుకుని వదిలేస్తుంది. దాని వెనకాల, ఎవరూ తిరిగి అడగడానికి రాని బట్టలు పడేసే అర.

టీకొట్టాయన ఆ రోజు పాలు మాడబెట్టాడు. కెటిల్ మూత తియ్యగానే మాడువాసన గుప్పున కొట్టింది. గుండీలక్క మొహం చిట్లించి గ్లాసు పక్కన పెట్టేసింది, డ్రమ్ము గ్లాసు ముట్టుకోనేలేదు. మేస్త్రీ మాత్రం జుర్రుమని ఒక గుక్క లాగి, "ఆహా, ఏం ఘుమఘుమ! యాలకులు దంచి వేశాడివాళ," అన్నాడు. వెటకారం ఆడుతున్నాడనుకుని డ్రమ్ము నవ్వాడు. ఆవిరమ్మకి నవ్వు రాలేదు, చెప్పాల్సిన మాట వెతుక్కుంటూ తన గ్లాసు అటూ ఇటూ తిప్పుతోంది.

"బాబాయ్," అంది చివరికి. "ఒకళ్లకి ఒక మాట చెప్పాలి. మీ దగ్గర వాసన వస్తోందండీ అని. మనసు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?"

"ఎవరికి? డ్రమ్ముకా?"

"నాకెందుకు?" అంటూనే డ్రమ్ము చెయ్యెత్తి ఒకసారి చంక వాసన చూసుకున్నాడు.

"ఉన్నార్లే, ఒకళ్లు," అని నీళ్లు నమిలింది ఆవిరమ్మ.

మేస్త్రీ గ్లాసు కింద పెట్టి కాలు మీద కాలు వేసుకున్నాడు. ఆయన కాలు మీద కాలు వేశాడంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు.

"సరైన మనిషినే అడిగావమ్మడూ. ఈ పనిలో నన్ను మించినవాడు పుట్టలేదు. విను, ఇది కోత కాదు. నేనిక్కడ చేరిన కొత్త. ఆ బల్ల దగ్గర నాకంటే ముందు ఒకాయనుండేవాడు, పొడుగాయన అనేవాళ్లం, తలుపులోంచి వంగి రావాలాయన. మంచివాడు, గట్టిగా తుమ్మి కూడా ఎరగడు. కానీ దగ్గర వాసన. అందరూ కలిసి నన్ను ముందుకి తోశారు, కుర్రాడివి, నోరున్నవాడివి, నువ్వే చెప్పు అని. వెళ్లాను, ఒక్క మాట అన్నాను. ఒక్కటంటే ఒక్కటే. ఆయన నొచ్చుకోలేదు సరికదా, నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు."

"ఏం మాటన్నయ్యా అది?" అంది గుండీలక్క.

"అది చివర్న. ముందు ఆ వాసనేమిటో తెలియాలిగా. అది చెమట వాసన కాదు, కాళ్ల వాసన కాదు, ఏళ్ల తరబడి తాళమేసిన గది తలుపు తీస్తే లోపల్నుంచి ఎవరో మన మొహం మీద ఊపిరి వదిలినట్టుంటుందే, అదీ. ఆయన పనికి ఎనిమిదీ పావుకి వచ్చేవాడు, వాసన మాత్రం ఎనిమిదింటికల్లా వచ్చేసేది. గేటు దగ్గర మనకి తెలిసిపోయేది, వచ్చింది, లోపలికెళ్లింది, బల్ల దగ్గర నిలబడింది అని. ఆయన సెలవు పెట్టిన రోజున కూడా వచ్చేది. ఒకసారి ఆయన జ్వరమొచ్చి నాలుగు రోజులు రాలేదు, వాసన నాలుగు రోజులూ వేళకి వచ్చి వేళకి వెళ్లింది. హాజరు పుస్తకం తీసి చూస్తే ఆయన గడుల్లో నాలుగు సంతకాలున్నాయి."

"ఎవరు పెట్టారు?" అన్నాడు డ్రమ్ము.

"అదే నేనూ అడిగాను. ఎవరూ పలకలేదు. సిరా ఇంకా తడిగా ఉంది."

వాన కాస్త జోరెక్కింది. డ్రమ్ము కుర్చీ గోడ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బట్టలకి తెలిసిపోయింది. అవును, బట్టలకే. ఆయన ఇస్త్రీ బల్ల పక్కనుంచి నడిస్తే కాలుతున్న పెట్టె చల్లారిపోయేది. గొట్టంలోంచి బయటికొచ్చిన ఆవిరి ఆయన్ని చూసి వెనక్కి తిరిగి గొట్టంలోకే పోయేది. తీగ మీద ఆరేసిన దుప్పట్లు వరసగా మొహం అటు తిప్పేసుకునేవి."

"మేస్త్రీగారూ, దుప్పటికి మొహం ఎక్కడుంటుందండీ?"

"పన్నెండేళ్లుగా ఉతుకుతున్నావు, మొహమేదో వీపేదో తెలీకుండానే ఉతుకుతున్నావా? అందుకే పోయిన వారం మెకానిక్ షెడ్డు బట్టల్ని తీసుకెళ్లి తెల్ల టేబుల్ గుడ్డల్లో కలిపేశావు. యాభై గుడ్డలూ కిరసనాయిలు కంపు కొట్టాయి."

డ్రమ్ము ఏదో అనబోయి మానేశాడు. ఆ మూట వేరుచేసి పంపింది మేస్త్రీయేనని వాడికి తెలుసు, ఆవిరమ్మకీ తెలుసు. మేనేజరు తిట్లు మాత్రం వాడు తిన్నాడు, పెద్దాయన పేరు బయటపెట్టలేదు. కిరసనాయిలు కంపు కొట్టే మూట ఆ ముక్కుని దాటి ఎలా వెళ్లిందని ఆవిరమ్మ అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించింది. మేస్త్రీ పక్కన సగమైన టీ గ్లాసు వైపు చూసింది.

"చొక్కాలైతే మరీ," అంటూ మేస్త్రీ ఇంకో గుక్క లాగాడు. "వాటంతటవే మెడ దాకా గుండీలు పెట్టేసుకునేవి. నేను కళ్లారా చూశాను, పై నుంచి కిందికి ఒక్కోటీ, టక్ టక్ టక్. అప్పుడనుకున్నాను, ఇక చెప్పక తప్పదు, కానీ మర్యాదగా చెప్పాలి అని. మొదట ఆయన పెట్టెలో చెప్పకుండా ఒక కొత్త సబ్బు పెట్టాను. మర్నాడు చూస్తే పైన చుట్టిన కాగితం చుట్టినట్టే ఉంది, మడత చెదరలేదు, లోపల సబ్బు లేదు. కాగితం మధ్యలో ఖాళీ, సబ్బంత ఖాళీ. వేలు పెట్టి చూశాను, తడిగా ఉంది."

"అయ్యబాబోయ్," అంది గుండీలక్క. ఆమె చేతిలోని సూది ఆగిపోయింది.

"సరే అని ఒక ఉత్తరం రాశాను, సంతకం లేకుండా. అయ్యా, తమరు పెద్దలు, ఎండలు మండిపోతున్నాయి, రెండుపూటలా స్నానం చేస్తే ఒంటికి హాయి అని. ఆయన కోటు జేబులో వేశాను. సాయంత్రం ఇంటికెళ్లి నా జేబులో చెయ్యి పెడితే ఆ ఉత్తరం నా జేబులో ఉంది. అక్షరాలన్నీ ఎవరో ఉతికేసినట్టు పోయాయి. అడుగున ఒక్క ముక్క మిగిలింది, అది నేను రాసింది కాదు. ఇంటికి రా, అని ఉంది."

సరిగ్గా అప్పుడే లోపల గాలిబొమ్మ బుస్సుమని ఊపిరి పీల్చుకుంది. గుడ్డ భుజాలు పైకి లేచాయి, ఛాతీ నిండింది, ఒక్క క్షణం అలాగే నిలబడి మెల్లగా కుంగిపోయింది. ముగ్గురూ ఒక్కసారి అటు తిరిగారు. మేస్త్రీ ఒక్కడే తిరగలేదు.

"వెళ్లావా మరి?" అంది ఆవిరమ్మ.

"వెళ్లకేం? నేను భయపడేవాణ్నా? వెళ్లాను. వీధి వీధంతా తలుపులు బిగించి ఉంది, ఒక్క కాకి లేదు, ఆ వీధి మీదుగా ఎగరడం కాకులు మానేసి ఏడాదైందట. ఆయన తలుపు మాత్రం తెరిచే ఉంది. గడప దగ్గర నిలబడి చూశాను. లోపల కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డ పేలికలు కుక్కేసి ఉన్నాయి, గాలి బయటికి పోకుండా. ఒక మంచం, దాని మీద రెండు దిళ్లు, రెండింటి మీదా తల పెట్టిన గుంటలున్నాయి. పొయ్యి మీద గిన్నె, పక్కన రెండు కంచాలు. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. కూర్చున్నాను. కుర్చీ వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు."

డ్రమ్ము తను కూర్చున్న కుర్చీని ఒకసారి చేత్తో తడిమి చూసుకున్నాడు.

"ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అన్నాను. ఉంది, అన్నాడు. ఎక్కడ అన్నాను. ఇదుగో, అని కోటు మీద చెయ్యి వేసుకున్నాడు. ముదురు ఎరుపు కోటు. గుండీలు ఎడం పక్కనున్నాయి."

గుండీలక్క తలెత్తింది. మగవాళ్ల బట్టలకి గుండీలు కుడిపక్క, ఆడవాళ్ల బట్టలకి ఎడంపక్క. చేతికి దొరికిన బట్టని ఆమె ముందు చూసేది అదే. మేస్త్రీ స్వెటరు గుండీలు ఏ పక్కనున్నాయో ఆమె పది నెలల కిందటే చూసింది, ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడామె ఆవిరమ్మ కళ్లలోకి చూసి, ఆ స్వెటరు వైపు చూసింది.

మేస్త్రీ గొంతులో కోత లేదు. కుడిచేత్తో ఎడం చేతి స్వెటరు అంచు పట్టుకుని లాగుతూ, పొగలోకి చూస్తూ అంటున్నాడు. "ఉతికితే పోతుంది, అన్నాడు. ఇంట్లో వస్తువులన్నీ ఉన్నాయి, ఆవిడ ఏ వస్తువులోనూ లేదు, ఇందులో ఉంది. నాకు తెలుస్తోంది, నీకు తెలియడం లేదా, అన్నాడు."

ఆవిరమ్మకి ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది, ఇక చెప్పద్దు బాబాయ్ అనాలనిపించింది. గోడ గడియారంలో టీ వేళ అయిపోవడానికి అయిదు నిమిషాలుంది.

"తర్వాతేమైందండీ?" అన్నాడు డ్రమ్ము పీలగొంతుతో.

ఆ ప్రశ్నతో మేస్త్రీ ఒళ్లు దులుపుకున్నట్టు మళ్లీ నిటారుగా కూర్చున్నాడు.

"తర్వాతా? నేనా ఒక్క మాట అన్నాను. అనగానే కోటు కాలరులోంచి వాసన లేచి నిలబడింది. మనిషంత. కాదు, తలుపంత. కప్పు తగిలి మెడ వంచుకుంది, చేతులు గోడలకి ఆనించింది, గోడలు వెనక్కి జరిగాయి. మొహం లేదు, మొహం ఉండాల్సిన చోట చల్లదనముంది. వంగి నా మొహంలో మొహం పెట్టింది. ఇంకొకడైతే అక్కడే గుండె ఆగి పోయేవాడు. నేనేం చేశానో తెలుసా? ముక్కుతో ఒక్క పీల్పు పీల్చాను. ఒక్కటే పీల్పు! వాసన మొత్తం లోపలికొచ్చేసింది, దాంతోపాటు ఆ వీధిలో ఉన్న వాసనలన్నీ వచ్చేశాయి, కూరల వాసనలూ, పూల వాసనలూ, పసిపిల్లల తలల వాసనా, అన్నీ. ఆ వీధిలో ఇప్పటికీ పువ్వులకి వాసనుండదు, కావాలంటే వెళ్లి చూసుకోండి. ఊపిరి బిగబట్టి బయటికొచ్చాను. మూడు పగళ్లు నడిచాను, వదల్లేదు. ఇక్కడికొచ్చి, సోడా పొడి డబ్బా ఒకటి ఖాళీ చేసి, అందులోకి ఊదేసి మూత బిగించాను. నంబరు పట్టీ మీద సున్నా వేసి అంటించాను. అదుగో, ఆ అరలో, ఎవరూ అడగని బట్టల వెనకాల. ఇప్పటికీ అక్కడే ఉంది."

డ్రమ్ము తలుపులోంచి అటు చూశాడు. అరలో పాత కోట్ల వెనక నిజంగానే ఒక రేకు డబ్బా ఉంది. అంటించిన పట్టీ మీద సున్నా కూడా ఉంది.

"అప్పుడప్పుడూ లోపల్నుంచి తడుతుంది," అన్నాడు మేస్త్రీ తాపీగా.

టక్. టక్.

డ్రమ్ము రెండు కాళ్లూ కుర్చీ మీదికి ఎత్తేసుకున్నాడు. ఆవిరి గొట్టం చల్లబడితే అలా చప్పుడు చేస్తుందని వాడికి తెలుసు, తెలిసినా దించలేదు.

"అందుకేగా రోజూ పొద్దున్నే నేను అందరికంటే ముందొచ్చి, మూత సరిగ్గా ఉందో లేదో చూసి వస్తాను," అన్నాడు మేస్త్రీ. అది మాత్రం నిజం. రోజూ పొద్దున ఆయన ఆ అర ముందు, అందరికీ వీపు పెట్టి, చాలాసేపు నిలబడటం అందరూ చూసిందే.

హాలు చివర మేనేజరు బూట్ల చప్పుడు వినిపించింది. ఆవిరమ్మ లేచి నిలబడింది.

"బాబాయ్, ఆ డబ్బా మూత ఊడింది."

"ఊడదు. ఇది నా చేత్తో బిగించిన మూత."

"ఊడింది బాబాయ్. పది నెలలైంది."

మేస్త్రీ నవ్వాడు. "ఊడితే మొదట తెలిసేది ఎవరికి? ఈ ముక్కుకి తెలియదా?"

"నీ టీ ఎలా ఉంది?"

"టీకేం, యాలకుల..."

"మాడిపోయింది బాబాయ్. మూత తీసిన దగ్గర్నుంచి వరండా అంతా మాడువాసనే. మేమెవ్వరం ముట్టుకోలేదు."

మేస్త్రీ మూడు గ్లాసుల వైపూ చూశాడు. మూడూ నిండుగా ఉన్నాయి, మీగడ కట్టి ఉన్నాయి. తన గ్లాసులో అడుగున గుక్కెడు మిగిలింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. తర్వాత స్వెటరు చెయ్యి ముక్కుకి ఆనించి ఇంకా గట్టిగా పీల్చాడు, కళ్లు మూసుకుని, మెడ నరాలు తేలేలా. ఏమీ దొరకలేదని ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది.

"నువ్వు ఎవరికో చెప్పాలన్నావే, వాసన," అన్నాడు. "అది నాకేనా అమ్మడూ?"

"నీకే బాబాయ్."

అంత మాట అన్నాక ఆవిరమ్మకి ఏడుపొచ్చింది. మేనేజరు రుమాలుతో సహా తలుపు దాకా వచ్చి గొంతు సవరించుకున్నాడు. గుండీలక్క సూది పట్టుకున్న చెయ్యి ఎత్తి, "చెప్పడం అయిపోయింది, మీరిక వెళ్లచ్చు," అంది. ఆయన సూది వైపొకసారి, నలుగురి మొహాల వైపొకసారి చూసి వెళ్లిపోయాడు.

"పది నెలల కిందట నాకూ మా ఆవిడకీ ఒకేసారి జ్వరం వచ్చింది," అన్నాడు మేస్త్రీ గ్లాసు కింద పెట్టి. "ఆవిడ పోయింది, నా ముక్కు పోయింది. ఆవిడ పోయిందని అందరికీ చెప్పుకున్నాను. ముక్కు పోయిందని ఎలా చెప్పను? ముక్కు లేకపోతే ఇక్కడ నేనెవర్ని? ఇన్నాళ్లూ కంటితో చూసి, అలవాటు మీద నెట్టుకొచ్చాను."

"డబ్బాలో ఏముందండీ మరి?" అన్నాడు డ్రమ్ము. వాడి కాళ్లు ఇంకా కుర్చీ మీదే ఉన్నాయి.

"లవంగాలు. బీరువాలో బట్టల మధ్య పెట్టుకునేది ఆవిడ. రోజూ మూత తీసి చూస్తాను, ఇవాళైనా తెలుస్తుందేమోనని. తెలియదు." డ్రమ్ము వైపు తిరిగాడు. "ఆ కిరసనాయిలు మూట నాదేరా. నీకు తెలుసు కదూ?"

"వదిలెయ్యండి మేస్త్రీగారూ," అన్నాడు డ్రమ్ము.

"పొడుగాయన కూడా అబద్ధమేనా బాబాయ్?" అని అడిగింది ఆవిరమ్మ. "ఆయన నొచ్చుకోకుండా చేసిన ఆ ఒక్క మాటేమిటి?"

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. "పొడుగాయన నిజం. మాటే అబద్ధం. ఆయన గడప దాకా వెళ్లాను. తలుపు తెరిచే ఉంది, రా బాబూ కూర్చో అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. ఊరికే ఇటు వచ్చానని చెప్పి వెనక్కొచ్చేశాను. మర్నాడు అప్పటి మేనేజరు అందరి ముందూ అనేశాడు. ఆయన ఒక్క మాట అనలేదు, కోటు గుండీలు పెట్టుకుని, తలుపులోంచి వంగి బయటికెళ్లాడు. మళ్లీ ఎవరికీ కనబడలేదు. ఆయన బల్లే నాకిచ్చారు." స్వెటరు గుండీ మీద వేళ్లు పెట్టి ఆగాడు. "నువ్వు నాకంటే నయం. చెప్పావు."

గుండీలు ఒక్కోటే తీసి స్వెటరు విప్పాడు. అది లేకుండా ఆయన సగం మనిషిలా కనిపించాడు. రెండు చేతులతో దాన్ని ఆవిరమ్మకి అందించి, "చూసి చెప్పు. లవంగం ఉందా? నా మీద జాలిపడి చెప్పకు, ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు.

ఆవిరమ్మ మొహం అందులో పెట్టి పీల్చింది. ముక్కు మూసుకోలేదు. పది నెలల చెమటా, తడి ఉన్నీ, మూసిన గదీ ఉన్నాయి. ఇంకా అడుక్కి వెతికింది, కాలరులో, చంకల్లో, గుండీల పట్టీలో. ఇంకెవరూ లేరు.

"లేదు బాబాయ్."

మేస్త్రీ వాన వైపు తిరిగి, "ఉన్ని కదా, డ్రమ్ములో వెయ్యకు. చన్నీళ్లలో చేత్తో పిండు," అన్నాడు.

ఆమె అలాగే పిండింది. నాలుగు నీళ్లు మారిస్తేగానీ తేటపడలేదు. రాత్రంతా ఆరింది. మర్నాడు మధ్యాహ్నం దాన్ని తీసుకెళ్లి గాలిబొమ్మకి తొడిగి, ఎడంపక్క గుండీలన్నీ పెట్టి, మెల్లగా పెడలు తొక్కింది. ఆవిరి నిండింది. భుజాలు లేచాయి, చేతులు ఒంటికి కాస్త ఎడంగా జరిగాయి, నడుము దగ్గర గుండ్రంగా వచ్చింది. తల లేని ఆడమనిషి ఒకావిడ హాలు మధ్యలో నిలబడింది. డ్రమ్ము యంత్రం ఆపేశాడు. గుండీలక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేస్త్రీ బల్ల వదిలి దగ్గరికొచ్చాడు. పై నుంచి కింది దాకా చూశాడు.

"ఇంకాస్త ఒళ్లుండేది," అన్నాడు.

ఆవిరమ్మ పెడలు మరికొంచెం తొక్కింది.

"ఆఁ. అంతే."

కాలు నొప్పెట్టేదాకా ఆమె పెడలు వదల్లేదు. వదిలాక స్వెటరు తీసి మడతపెట్టి, అరలోంచి సున్నా నంబరు డబ్బా తెచ్చి మూత తీసింది. లవంగాల ఘాటుకి కళ్లు చెమర్చాయి. గుప్పెడు తీసి స్వెటరు జేబుల్లో వేసి, ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ముక్కు దగ్గరికి తీసుకెళ్లాడు. పీల్చి, ఆమె వైపు చూశాడు.

"ఉందా?"

"ఉంది బాబాయ్."

"నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు మేస్త్రీ, తొడుక్కోకుండా దాన్ని చంకలో పెట్టుకుని బల్ల దగ్గరికి నడుస్తూ. "పొద్దున వీధి మలుపు తిరిగేసరికే తెలిసిపోయింది నాకు. దారిలో నలుగురాగి అడిగారు, ఎవరింట్లోనండీ ఇంత లవంగమని."

ఆ మధ్యాహ్నం నుంచి ఆవిరమ్మ రోజూ ఒక గంట ఆ బల్ల దగ్గర ఆయన పక్కనే నిలబడి, ఒక్కో కాలరూ వాసన చూసి మెల్లగా ఆయన చెవిలో చెబుతుంది. ఆయన దాన్నే గట్టిగా పైకి చెబుతాడు.